మిగులు గడ్డం

మన పత్రికలో వేదాంతం గురించి, వీలునామాల గురించి, పిల్లలకు తెలుగు నేర్పడం గురించి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. గడ్డం గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ రాసినట్టు లేదు. మన సంఘంలో సగంమంది ప్రతి పొద్దునా చేసే పని అది. మిగిలిన సగంమంది ఆ పని ఎప్పుడవుతుందా అని స్నానాలగది తలుపు దగ్గర నిలబడేవారు. కనుక అందరికీ సంబంధించిన విషయమే. కత్తితో మొదలుపెట్టి సుత్తి కొట్టారని అనిపించుకోకుండా ముగించాలని మా ప్రయత్నం.

మేము అంటే భార్యాభర్తలం. మా ఇంట్లో గడ్డం ఒకరిదే గాని, దాని మీద అభిప్రాయాలు ఇద్దరివీ. ఒకరు ఇంజనీరుగా, ఒకరు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాం. ఒకరికి కొలతల పిచ్చి, ఒకరికి జాగ్రత్తల పిచ్చి. ఈ వ్యాసంలో కొలతలు ఎక్కడ ఎక్కువయ్యాయో, జాగ్రత్తలు ఎక్కడ ఎక్కువయ్యాయో మీకు తెలిసిపోతుంది.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఇప్పటికీ గడ్డం గీసేది మడత కత్తితో. ఊళ్ళో అందరూ దాన్ని మంగలి కత్తి అనేవారు. కులం పేరుతో పనిముట్టును గాని మనిషిని గాని పిలవడం ఈ రోజుల్లో మర్యాద కాదు గనక క్షౌరపు కత్తి అందాం. అది మా పెద్దాయనది. ఆయన ఎం. అండ్ ఎస్. ఎం. రైల్వేలో పనిచేశారు. బెజవాడ, బిట్రగుంట, గూడూరు అంటూ బదిలీలు. ఇంటికొచ్చి గీసే క్షురకుడు ఒక్కొక్క ఊళ్ళో కుదిరేలోపలే ఇంకో ఊరికి ఆర్డరు వచ్చేది. డ్యూటీకి వేళాపాళా లేదు. మంగళవారం క్షౌరం చేయించుకోకూడదని ఇంట్లో పట్టింపు ఒకటి. ఈ బాధ పడలేక ఆయన యుద్ధానికి ముందు, 1938లో, మద్రాసు మూర్ మార్కెట్టులో జర్మనీ సోలింగెన్ కత్తులు రెండు, జోడుగా కొన్నారు. ఒకటి వాడుతుంటే ఇంకొకటి విశ్రాంతి తీసుకుంటుందనేవారు. 1974లో మేము అమెరికా వచ్చేటప్పుడు ఆ జోడులో ఒకటి పాత ఉత్తరీయం ముక్కలో చుట్టి పెట్టె అడుగున పెట్టారు. రెండోది ఆయన దగ్గరే ఉండిపోయింది.

అప్పటినుంచి ఈ కత్తి మసాచుసెట్స్‌లో ఉంది. మా ఉద్యోగాలు మారాయి, ఇళ్ళు మారాయి, పిల్లలు పెరిగి వెళ్ళిపోయారు. కత్తి మారలేదు. సానరాయి మీద నూరి నూరి పావు అంగుళం కంటె తక్కువే అరిగి ఉంటుంది. గీసే ముందు తోలుపట్టా మీద వెన్ను ముందుకు, అంచు వెనక్కు ఉండేట్టు ముప్పై నలభై సార్లు లాగాలి. గీసిన తరువాత తడి లేకుండా తుడిచి, వానాకాలంలో ఒక చుక్క నూనె రాయాలి. కొన్ని నెలలకొకసారి సన్నని రాయి మీద నూరాలి. ఇంతకంటె దానికి సేవ అక్కరలేదు.

కత్తి చెంప మీద చేసే పనికి సాటి లేదు. చెంప చదునైన నేల, అక్కడ కత్తి నాగలిలా సాగుతుంది. చిక్కంతా గట్ల దగ్గర. దవడ ఎముక వంపు తిరిగే చోట, గడ్డం మొనమీద, ముక్కు కింద రెండు వేళ్ళ మేర, గొంతు ఉండ పక్కన వెంట్రుకలు అడ్డంగా మొలిచే చోట కత్తి తటపటాయిస్తుంది. మూడంగుళాల నిటారు అంచును గుండ్రని గొంతు మీద ఆనిస్తే తగిలేది ఒక్క చుక్క మేర మాత్రమే. కుడిచేతి వాటం మనిషికి ఎడమ గొంతు మరీ కష్టం. అక్కడ మిగిలిపోయే గరుకునే మా ఇంట్లో మిగులు గడ్డం అంటాం. గడ్డం లేని మనిషి వేళ్ళ వెనకవైపుతో తడిమి, "ఇక్కడ ఉంది, ఇదిగో ఇక్కడా ఉంది" అని చెప్పడం యాభై ఏళ్ళుగా మా ఇంట్లో ఉన్న ఆచారం.

వయసులో ఉన్నప్పుడు మిగులు గడ్డాన్ని కూడా కత్తితోనే, వాటానికి ఎదురు గీసి తీసేయడం సాగింది. డెబ్బై దాటాక ఎడమ భుజం పట్టేసింది. చర్మాన్ని పైకి లాగి పట్టుకోవలసింది ఆ చేయే. చర్మమూ మునుపటిలా బిగువుగా లేదు. లాగి పట్టుకోకపోతే కత్తి ముందు మడత పడుతుంది, మడత పడితే తెగుతుంది. రెండు ఆదివారాలు వరసగా గొంతు దగ్గర పటిక పెట్టి అదుముకోవలసి వచ్చింది. మూడో ఆదివారానికి ఇంట్లో సభ జరిగింది. పిల్లలు ఫోనులోనే కరెంటు షేవరు ఆర్డరు చేస్తామన్నారు. గడ్డం లేని మనిషి, కత్తిని అద్దాల బీరువాలో పెడదామన్నారు. గడ్డం ఉన్న మనిషి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే జవాబని మా ఇద్దరికీ తెలుసు.

చివరకు కుదిరిన రాజీ ఇది. చదునైన చోట్ల కత్తి. గట్ల దగ్గర సేఫ్టీ రేజరు. ఎదురు గీత కత్తితో ఇక గీయడం లేదు. అయితే ఏ రేజరు అన్నది తేలాలి. క్షౌరమయ్యాక తిథివార నక్షత్రాలు అడిగినట్టు కాకుండా, కొనేముందే తెలుసుకుందామని కూర్చున్నాం.

తెలుసుకోబోతే మొదట ఎదురైంది మేముండే రాష్ట్రం కథే. 1895లో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఊరూరా తిరిగే అమ్మకాల ఉద్యోగి ఒక పొద్దున అద్దం ముందు నిలబడ్డాడు. చేతిలో ఉన్నది ఇలాంటి మడత కత్తే. తోలు మీద ఎంత లాగినా పదును రాలేదు, సానకు ఇవ్వవలసిందే. అప్పుడే తట్టిందట, పదును పట్టనవసరం లేని పలచని రేకు, అరిగితే పారేసేది, ఉంటే బాగుండునని. అంతకుముందు న్యూయార్కులో కాంఫే సోదరులు 1880లోనే కాపుదల ఉన్న రేజరుకు పేటెంటు తీసుకున్నారు గాని, దాని బ్లేడుకూ సాన తప్పలేదు. జిల్లెట్ అడిగిన లోహశాస్త్రం తెలిసినవాళ్ళు, అంత పలచని ఉక్కుకు పదును నిలవదన్నారు. ఎం.ఐ.టి.లో చదివిన విలియం నికర్సన్ అనే ఇంజనీరు సాధించి చూపాడు. 1901లో కంపెనీ పుట్టింది. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904 నవంబరులో పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు కత్తికి మళ్ళీ అలవాటుపడలేదు. మా పెద్దాయన మూర్ మార్కెట్టులో కత్తులు కొన్న 1938 నాటికి ఈ దేశంలో చాలా ఇళ్ళలో కత్తి అటక ఎక్కేసింది. ఆ సంవత్సరమే టెక్ అనే మూడు ముక్కల రేజరు బజారుకొచ్చింది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక ఎంపిక సంగతి. రోజూ గడ్డమంతా గీసుకోవడానికి కొనే రేజరు వేరు, మిగులు గడ్డానికి కొనేది వేరు. ఇది తెలియకనే చాలామంది పొరపాటు సరుకు తెచ్చుకుంటారు. కత్తి అప్పటికే చర్మాన్ని ఒకసారి గీకింది. పైపొర కొంత పోయింది. మిగిలినవి అరమిల్లీమీటరు మొలకలు. వాటిమీదికి దూకుడు రేజరు పంపితే తెంచడానికి వెంట్రుకలుండవు, చర్మమే ఉంటుంది. కాబట్టి మెత్తగా గీసే రేజరు కావాలి. మెత్తదనమంటే బ్లేడు పదును తక్కువని కాదు. బ్లేడు అంచుకూ కింద ఉండే కాపుపట్టీకీ మధ్య సందు ఎంత, అంచు బయటికి ఎంత పొడుచుకొచ్చింది అన్న రెండు కొలతలే. సందు తక్కువైతే చర్మం లోపలికి ఉబకదు, ఉబకకపోతే తెగదు. దువ్వెన పళ్ళలాంటి పట్టీ ఉన్నవి వారం రోజుల గడ్డానికి మంచివి. మన పనికి నున్నని పట్టీ చాలు.

రెండోది తల మందం. ముక్కు కింద దూరాలంటే తల పలచగా ఉండాలి. మూడోది పిడి. మొత్తం గడ్డానికి పొడుగు పిడి హాయి, కాని మిగులు పనికి చేతివేళ్ళతో కలంలా పట్టుకునే పొట్టి పిడి మేలు. నాలుగోది బరువు. రేజరు తన బరువుతో తాను జారాలి. అలాగని మరీ బరువైతే, పట్టేసిన భుజానికి ఆ బరువే తగవు.

ఈ కొలతలన్నీ కాగితం మీద రాసుకుని బ్రిమ్‌ఫీల్డు వెళ్ళాం. మన రాష్ట్రం మధ్యలో ఉన్న ఈ చిన్న ఊళ్ళో 1959 నుంచి పాతసామాన్ల సంత జరుగుతోంది. మే, జులై, సెప్టెంబరు నెలల్లో ఏటా మూడుసార్లు. మన ఊళ్ళలో పశువుల సంత ఎలాగో అలా పొలాల్లో డేరాలు. ఒక్కొక్క డేరాలో పాత రేజర్లు గంపెడు. వాటి వయసు చెప్పే గుర్తు ఒకటుంది. 1951 నుంచి జిల్లెట్ రేజర్ల తల కింద ఒక అక్షరం, ఒక అంకె కొట్టేవారు. అక్షరం సంవత్సరం, అంకె మూడునెలల విడత. ఏ అంటే 1955, ఇ అంటే 1959. భూతద్దం పట్టుకెళ్ళండి.

మేము మూడు రకాలు చేతికి తీసుకుని, ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటి నెల చొప్పున చూశాం. మొదటిది సూపర్ స్పీడు, 1947లో వచ్చిన రకం. పిడి అడుగున తిప్పితే పైన రెండు తలుపులు గుడి తలుపుల్లా తెరుచుకుంటాయి. బ్లేడు వేయడం సులువు, వేళ్ళు బ్లేడుకు తగలవు. వేళ్ళలో పట్టు తగ్గినవారికి దీన్నే చెబుతాం. తల మాత్రం కాస్త మందం. రెండోది స్లిమ్ అడ్జస్టబుల్, 1961 నుంచి 1968 దాకా చేసినది. పిడి మెడ దగ్గర 1 నుంచి 9 దాకా అంకెలు, తిప్పినకొద్దీ సందు పెరుగుతుంది. కొలతల పిచ్చి ఉన్న మనిషికి ఇది పండగే. రెండు వారాలు రోజుకొక అంకె పెట్టి నోటు పుస్తకంలో రాసుకోవడం కూడా జరిగింది. తేలిందేమంటే మిగులు గడ్డానికి 2 దాటనక్కరలేదు. 2 దాటనక్కరలేనప్పుడు 9 దాకా అంకెలెందుకని జాగ్రత్తల పిచ్చి ఉన్న మనిషి ప్రశ్న. జవాబు దొరకలేదు.

మూడోది టెక్. మూడే ముక్కలు: పై కప్పు, కింద పలక, పిడి. మర బిగిస్తే అంతే. కప్పు వంపు బ్లేడును విల్లులా వంచి పట్టుకుంటుంది. మిల్లీమీటరులో పదో వంతు మందమున్న రేకు కూడా అలా వంగితే బిర్రుగా నిలుస్తుంది, వణకదు. పాడవడానికి కదిలే భాగాలు లేవు. పలచని తల, పొట్టి పిడి, చిన్న సందు. కాగితం మీద మేము రాసుకున్నవన్నీ ఉన్నాయి. మా ఓటు దానికే పడింది. పాతది వద్దు, కొత్తదే కావాలంటే అదే సోలింగెన్‌లో మెర్కూర్ వారు ఇప్పటికీ మూడు ముక్కల రేజర్లు చేస్తున్నారు. నున్నని పట్టీ ఉన్నది అడగండి.

పాతది కొంటే చూడవలసినవి రెండు. బ్లేడు వేసి బిగించాక రెండు పక్కలా అంచు సమానంగా కనబడాలి. ఒక పక్క ఎక్కువ కనిపిస్తే తల వంగిందన్నమాట, వదిలేయండి. ఇంటికి తెచ్చాక గిన్నెల సబ్బుతో, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది కడిగి, రబ్బింగు ఆల్కహాలులో నానబెట్టి ఆరబెట్టండి. ఇతరుల గడ్డం తాకిన వస్తువు విషయంలో మొహమాటం పనికిరాదు. తిరుమల కల్యాణకట్టలో కూడా ఇప్పుడు మనిషికొక కొత్త బ్లేడు వాడుతున్నది ఇందుకే.

అయిదు బ్లేడ్ల గుళికలున్న రేజరు ఎందుకు కాదని కొందరడిగారు. తల అటూ ఇటూ వాలుతుంది, తెగడం తక్కువ, నిజమే. కాని అయిదంచులు ఒకేచోట అయిదుసార్లు గీకుతాయి. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనక బ్లేడు చర్మం కిందికి కోస్తుంది. వంకీ తిరిగే వెంట్రుకలవారికి ఆ కోసిన మొన లోపలికే పెరిగి కురుపులవుతాయి. పైగా ధర. ఆ గుళిక ఒక్కటికి పెట్టే డబ్బుతో మామూలు బ్లేడ్లు డజనుకు పైగా వస్తాయి.

బ్లేడ్ల విషయానికొస్తే, జపాను ఫెదర్ బ్లేడుకు పదునులో మంచి పేరుంది. మిగులు పనికి అంత పదును అక్కరలేదు. మనదేశపు మాల్హోత్రా వారి టోపాజు బ్లేడ్లు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. గడ్డానికి పనికిరాకుండా పోయాక అవి పెన్సిళ్ళు చెక్కడానికి, కుట్లు విప్పడానికి, గోళ్ళు తీయడానికి వరసగా ఉద్యోగాలు చేసేవి. ఈ దేశంలో వాడిన బ్లేడుకు అంత దీర్ఘాయుష్షు లేదు. మా ఇల్లు 1950ల నాటిది. స్నానాలగదిలో మందుల బీరువా వెనక గోడకు చిన్న చీలిక ఉంది. వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపలికి పడిపోతుంది. ఆ రోజుల్లో అమెరికా ఇళ్ళకు అదే పద్ధతి. గోడ బాగుచేయించినప్పుడు అడుగున తుప్పు పట్టిన బ్లేడ్లు గుట్టగా బయటపడ్డాయి. మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళ పొద్దుటిపూటలన్నీ అక్కడ పోగై ఉన్నాయి. మేము మాత్రం రేకు డబ్బాకు చిల్లు పెట్టి అందులో వేస్తున్నాం.

పద్ధతి కూడా చెప్పి ముగిస్తాం. కత్తి పని అయ్యాక ముఖం వేడినీళ్ళతో తడపండి. గరుకు ఎక్కడుందో వేళ్ళతో చూసుకోండి, లేదా చూడగల మనిషిని పిలవండి. ఆ చోటికి మాత్రమే నురుగు రాయండి. పొడిచర్మం మీద ఎప్పుడూ గీయవద్దు. రేజరు కప్పును ముందు చర్మానికి ఆనించి, అంచు తగిలేదాకా పిడిని మెల్లగా దించండి. అదే కోణం. అక్కడ ఆపి అంగుళం పొడుగు గీతలు చాలు. అదమవద్దు. ఒకచోట రెండుసార్లు గీసినా పోకపోతే ఆ వెంట్రుకను రేపటికి వదిలేయండి. తరువాత చన్నీళ్ళు, తడి పటిక. ఇండియా ప్రయాణంలో కత్తీ బ్లేడ్లూ పెద్ద పెట్టెలో పెట్టండి. విమానంలో చేతిసంచీలో బ్లేడు తీసేసిన రేజరు పిడిని మాత్రమే రానిస్తారు.

ఒక హెచ్చరిక ఫార్మసిస్టు నోట. రక్తం పలచబడే మందులు వాడేవారు కత్తీ రేజరూ రెండూ పక్కన పెట్టి కరెంటు షేవరు వాడడమే క్షేమం. మన వయసువాళ్ళలో ఆ మందులు వాడేవారు చాలామందే ఉన్నారు. మాకు ఇంకా ఆ అవసరం రాలేదు. వచ్చిన రోజు ఏం చేయాలో మాత్రం ముందే మాట్లాడుకున్నాం. దానికి కారణం ఒక ఉత్తరం.

1985లో మా అత్తగారు, అంటే మాలో ఒకరికి అమ్మ, ఏరోగ్రాం రాసింది. పొలం సంగతి, పెళ్ళిళ్ళ సంగతి రాసి, చివర మడతపెట్టే అంచు మీద చిన్న అక్షరాలతో, మీ నాన్నగారి చెయ్యి వణుకుతోంది, కత్తి తీసి పెట్టెలో పెట్టించేశాను, వారానికి రెండుసార్లు మనిషి వచ్చి గీసి వెడుతున్నాడు అని రాసింది. అంతకంటె ఆరోగ్యం గురించి ఏమీ లేదు. మేము ఆ ఒక్క వాక్యం చదివి టిక్కెట్లు కొన్నాం. ఆయన ఇంకో ఏడాది ఉన్నారు. మేము వెళ్ళినప్పుడు, కత్తి తీసేసినందుకు ఆయనకు కోపం లేదు. "ఎప్పుడు మానాలో నాకు తెలియలేదు, ఆవిడకు తెలిసింది" అన్నారు.

అందుకని మా ఇంట్లో ఒప్పందం ఇలా రాసుకున్నాం. కత్తి ఎప్పుడు తీయాలో నిర్ణయించే హక్కు గడ్డం ఉన్న మనిషిది కాదు, తడిమి చూసే మనిషిది. ఆ రోజు చెబితే వాదన ఉండకూడదు, సభ పెట్టకూడదు, పిల్లలకు ఫోను చేయకూడదు. కత్తి ఉత్తరీయం ముక్కలోకి, టెక్ గడ్డం మొత్తానికి. ఎందుకంటే మిగులు పనికని వెతికి తెచ్చుకున్న రేజరే రేపు మొత్తం పని చేయవలసి రావచ్చు. మెత్తగా గీసేదాన్ని ఎంచుకోవడంలో మా అసలు ఆలోచన అదే.

ప్రస్తుతానికి బుధవారం, ఆదివారం కత్తి సాగుతోంది. మీ అటకల మీద, పెట్టెల అడుగున ఇలాంటి కత్తులుంటే పారేయకండి. పదును పెట్టడం తెలియకపోతే వచ్చే పిక్నిక్కుకు పట్టుకురండి. సానరాయి, తోలుపట్టా మేము తెస్తాం. పిల్లలకు అందనిచోట కూర్చుందాం.